మిత్రవాక్యము

అర్జీలు వ్రాయు విద్య మనకు క్రొత్తది కాదు. అయితే వానిలో రెండు రీతులే తఱచుగ గానవచ్చును. ఒకటి మొదటినుండి తుదివఱకు నడుము వంచి సాగును. రెండవది దూషణముతో నారంభమై దూషణముతోనే ముగియును. మొదటిదానిని అధికారి మఱచిపోవును; రెండవదానిని చింపివేయును. వేఱొక త్రోవ కలదని చూపుటకు మేము పైతరగతి విద్యార్థులచేత ఒక లేఖను చదివించుచుందుము. అది 1930 మార్చి 2వ తేదీన గాంధీమహాత్ముడు సబర్మతి ఆశ్రమమునుండి రాజప్రతినిధి ఇర్విన్ ప్రభువునకు వ్రాసినది.

మన ఆలంకారికులు ఉపదేశవాక్యమును మూడు తెఱగులుగ విభజించిరి. ప్రభువువలె ఆజ్ఞాపించునది ప్రభుసమ్మితము. చెలికానివలె హితము చెప్పునది సుహృత్సమ్మితము. ప్రియురాలివలె మనసు కరగించునది కాంతాసమ్మితము. పాలితుడు పాలకునకు వ్రాయునపుడు ఆజ్ఞాపింపజాలడు గనుక సాధారణముగ యాచించును. గాంధీ అట్లు చేయక, రాజప్రతినిధిని మిత్రుడని సంబోధించెను. తక్కిన లేఖ యంతయు ఆ సంబోధనమునకు లోబడి నడచినది.

మిత్రుడు మొగమాటము లేక లెక్క చెప్పును. రాజప్రతినిధి జీతము నెలకు 21,000 రూపాయలు, అనగా దినమునకు 700 పైచిలుకు. భారతీయుని సగటు దినాదాయము 2 అణాలకు లోపు. బ్రిటిష్ ప్రధానమంత్రికి దినమునకు 180 రూపాయలు. ఆ దేశపు సగటు ఆదాయము రమారమి 2 రూపాయలు. అక్కడ 90 రెట్లు, ఇక్కడ 5,000 రెట్లకు మించి! విశేషణములను శంకించువాడు సయితము తాను చేసిన భాగహారమును శంకింపజాలడు. ఆ వెంటనే, ఆ జీతముతో మీకు పనిలేదనియు, బహుశః అది దానధర్మములకే పోవుచుండుననియు, తొలగింపవలసినది ఆ యేర్పాటేయనియు లేఖ చెప్పుచున్నది. మనుష్యుని గౌరవము నిలిచినది. పద్ధతికి మాత్రము సమాధానము మిగులలేదు.

మిత్రుడు తాను చేయబోవు పనిని దాచడు. బీదవాడు ధనికునికంటె నెక్కువగ తినవలసిన వస్తువు ఉప్పు. కావున ఆ నెల 11వ తేదీన ఉప్పు చట్టమును ధిక్కరింప బయలుదేరుదుననియు, తన్ను నిర్బంధించుట మీ చేతిలోని పనియనియు ముందే తెలిపెను. బెదరించువాడు ఎదుటివానికి రాబోవు కీడును చెప్పును; ఇతడు తనకు రాబోవు శిక్షను చెప్పెను.

ఇంత చేసియు ఇర్విన్ మనసు మాఱలేదు. చట్టోల్లంఘనమునకు విచారించుచు నాలుగు మాటల ప్రత్యుత్తరము వచ్చెను. అట్లయిన లేఖ విఫలమా యని పూర్వపక్షము. కాదు. ఇట్టి లేఖకు పైనుండు పేరొకటి, చదువరులు లక్షలు. మార్చి 12న యాత్ర సాగెను. ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీయబడెను. ఆ యేడే మన నెల్లూరు తీరమునను ఆ చట్టము ఉల్లంఘింపబడెను. 1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బర్మింగ్‌హాం చెఱసాలనుండి మార్టిన్ లూథర్ కింగ్ తన ఉద్యమమును తప్పుపట్టిన యెనమండుగురు మతాచార్యులకు వ్రాసినపుడును, వారిని తోటివారినిగనే పిలిచి, ఓపిక పట్టుడను వారి హితవునకు ఒక్కొక్కటిగ సమాధానమిచ్చెను. ఆ లేఖ తగిలినది క్రూరులకు కాదు. న్యాయమును ఒప్పుకొనుచునే కాలము రాలేదను మంచివారికి.

ఆ మంచివారిలో మనమును గలము. మా తీరమున ఇసకపల్లి ఉప్పుమడులలో ఎండలో ఉప్పు తీయు కూలీలున్నారు. అట్టి యింటి బాలిక యొకతె, గాంధీ లెక్క ముగిసిన పిమ్మట, ‘అయ్యా, ఇదే లెక్క మీ జీతమునకును మా అమ్మ కూలికిని వేయవచ్చునా?’ అని యడిగినది. వేయవచ్చునంటిమి. రెండంకెలను నల్లబల్లపై వ్రాసి, ఆమెచేతనే భాగింపజేసితిమి. ఆ ప్రశ్నలో దూషణము లేదు, యాచన లేదు. లేఖను ఆమె మాకంటె బాగుగ గ్రహించినది. పాఠకులును తమ నెలరాబడిని తమ యింట అంట్లు తోము మనిషి జీతముతో భాగించి, వచ్చిన ఫలమును ఇంటిల్లిపాది యెదుట చదువుదురు గాక.