మేకుల బల్ల

మా మనవడికి పదకొండేళ్ళు. నేను షికాగో చేరిన మూడో రోజున వాడు నా దగ్గరకు వచ్చి, "తాతా, నీకు పిన్‌బాల్ వచ్చా?" అని అడిగాడు. అదేమిటో నాకు తెలియదు. మనవడి ముందు తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక, "చిన్నప్పుడు ఆడని ఆట లేదురా నేను" అన్నాను. ఆ గొప్పల ఫలితంగా 2023 అక్టోబరులో ఒక శనివారం పొద్దున షికాగో శివారులోని షాంబర్గ్ అనే ఊళ్ళో, ఓ పెద్ద సమావేశ మందిరం ముందు టికెట్ల వరుసలో నిలబడవలసి వచ్చింది. అక్కడ జరుగుతున్నది 'పిన్‌బాల్ ఎక్స్‌పో'. 1985లో మొదలైందట. ఈ ఆటంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో పాత యంత్రాలను వాన్లలో వేసుకుని వస్తారు. టికెట్ కొని లోపలికి వెళితే చాలు, వరుసగా పెట్టిన యంత్రాలమీద మళ్ళీ పైసా వేయకుండా ఎంతసేపయినా ఆడుకోవచ్చు.

లోపల అడుగుపెట్టగానే నాకు మొదట తగిలింది చప్పుడు. వందల గంటలు, డబడబలు, పాటలు, అరుపులు, అన్నీ ఒకేసారి. మా కోడలు చెవులు మూసుకుంది. నాకు మాత్రం ఎందుకో మహాకాళి జాతర గుర్తుకు వచ్చింది.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. నడుం ఎత్తున, కాస్త వాలుగా ఉన్న ఒక పెట్టె. పైన గాజు. కుడిచేతి వైపు స్ప్రింగు కడ్డీ ఉంటుంది. దాన్ని లాగి వదిలితే ఇనుపగుండు పైకి దూసుకుపోతుంది. కిందికి దొర్లుతూ అడ్డం వచ్చిన వాటికల్లా తగిలినప్పుడు అంకెలు పెరుగుతాయి. అడుగున రెండు చిన్న రెక్కలుంటాయి. వాటిని ఫ్లిప్పర్లు అంటారు. పెట్టెకు రెండు పక్కలా ఉన్న బొత్తాలు నొక్కితే ఆ రెక్కలు లేచి గుండును మళ్ళీ పైకి కొడతాయి. రెండు రెక్కల మధ్యనుంచి జారిపోయిందా, ఆ గుండు పోయినట్టే. మొదటి గుండు నాకు ఏడెనిమిది క్షణాల్లో పోయింది. మా మనవడు చాలా మర్యాదగా, "పర్లేదు తాతా" అన్నాడు.

కొత్త యంత్రాలు నాకు అర్థం కాలేదు. 1992లో వచ్చిన 'ఆడమ్స్ ఫ్యామిలీ' అనే దాని ముందు మనుషులు బారులు తీరి ఉన్నారు. అవి 20 వేలకు పైగా అమ్ముడుపోయాయని మా అబ్బాయి చెప్పాడు. వాళ్ళను అక్కడ వదిలి నేను పాత సరుకు ఉన్న మూలకు నడిచాను. అక్కడ ఒక బల్లమీద 1930ల నాటి చిన్న ఆటపెట్టె ఒకటి కనిపించింది. కరెంటు లేదు, దీపాలు లేవు, రెక్కలూ లేవు. చెక్క పలక, దానిమీద వంపులు వంపులుగా కొట్టిన మేకులు, మేకుల మధ్య గుంటలు, గుంటల పక్కన అంకెలు. ఓ పక్కన స్ప్రింగు కడ్డీ. నేను అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే అది నాకు తెలుసు. చాలా బాగా తెలుసు.

మాది రాజురా. బల్లార్షాలో రైలు దిగి వార్ధా నది దాటి వెళ్ళాలి. మేం ఇల్లు కదలకుండానే జిల్లాలూ రాష్ట్రాలూ మారినవాళ్ళం. నేను పుట్టినప్పుడు రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 1956లో బొంబాయి రాష్ట్రానికి పోయి నాందేడు జిల్లాలో పడింది. 1959లో చాందా జిల్లాలో కలిసింది. ఆ చాందాయే ఇప్పటి చంద్రపూర్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఎన్ని మారినా చైత్రమాసంలో చాందా మహాకాళి జాతర మాత్రం మారలేదు. నాందేడు వైపు నుంచి, ఆదిలాబాదు వైపు నుంచి జనం మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చేవారు. ఝర్‌పట్ నదిలో స్నానాలు, అమ్మవారి దర్శనం, ఆ తర్వాత అంగళ్ళు.

1964 జాతరలో ఓ అంగడిలో అచ్చం ఇలాంటి మేకుల బల్ల ఉండేది. అయిదు పైసలకు మూడు గోళీలు. తక్కువ అంకెలకు సబ్బుబిళ్ళో, దువ్వెనో ఇచ్చేవాడు. అన్నిటికంటె పైన, కొక్కేనికి ఒక గోడగడియారం వేలాడుతూ ఉండేది. అవ్వకూ చెల్లెకూ గాజులు కొనమని మా బాపు అన్నచేతికి రెండు రూపాయలు ఇచ్చాడు. అన్న జేబుకు చిల్లు ఉండడంతో ఆ డబ్బు నా జేబులో పెట్టాడు. తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. ప్రతి గోళీ ఆ పెద్ద అంకె గుంట అంచుదాకా వెళ్ళి, ఒక మేకుకు తగిలి పక్కకు పోయేది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ రెండు రూపాయలూ అయిపోయాయి. చేతికి వచ్చింది ఒక దువ్వెన. దాన్ని కూడా భయంతో పారేశాను. డబ్బు ఎక్కడో జారిపోయిందని అన్నతో అన్నాను. "పైసలు నా దగ్గర్నే ఉండె బాపూ, నేనే పడేసిన" అని అన్న బాపుతో అన్నాడు. దెబ్బలు వాడు తిన్నాడు. నేను అవ్వ వెనకాల నిలబడి చూశాను. దాదాపు అరవై ఏళ్ళు ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆ పెట్టె యజమాని నాకంటె పెద్దవాడు. నేను అంతసేపు చూడడం గమనించి పక్కకు వచ్చి ఈ ఆట కథంతా చెప్పుకొచ్చాడు. ఫ్రాన్సులో పుట్టిన బాగటెల్ అనే ఆట దీనికి తాత. 1871లో అమెరికాలోని సిన్సినాటిలో మాంటెగ్యూ రెడ్‌గ్రేవ్ అనే ఆయన స్ప్రింగు కడ్డీ ఉన్న బాగటెల్‌కు పేటెంటు తీసుకున్నాడు. 1931లో షికాగోలో డేవిడ్ గాట్లీబ్ తయారుచేసిన 'బాఫుల్ బాల్' ఆ కరువు రోజుల్లో వేల సంఖ్యలో అమ్ముడుపోయింది. ఉద్యోగాలు పోయినవాళ్ళకు ఒక సెంటుతో కాసేపు కాలక్షేపం మరి. అయితే పిల్లల డబ్బు గుంజే జూదమని పెద్దలకు కోపం వచ్చింది. 1942లో న్యూయార్కు మేయరు లా గార్డియా ఈ ఆటను నిషేధించి, యంత్రాలను సమ్మెటలతో పగలగొట్టించాడు. ఈ మాట వింటుంటే నాకు మా బాపు గుర్తుకు వచ్చాడు.

ఆట తలరాత మార్చింది ఆ రెక్కలేనట. 1947లో గాట్లీబ్ కంపెనీలో హారీ మాబ్స్ 'హంప్టీ డంప్టీ' అనే యంత్రానికి మొదటిసారిగా ఆరు ఫ్లిప్పర్లు పెట్టాడు. అంతకుముందు గుండు వదిలాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. పెట్టెను కాస్త కుదపాలి, లేదా దేవుడికి దండం పెట్టుకోవాలి. రెక్కలు వచ్చాక పడిపోయేదాన్ని మళ్ళీ లేపే అవకాశం ఆడేవాడి చేతికి వచ్చింది. అయినా నిషేధం పోవడానికి 1976 దాకా పట్టింది. రోజర్ షార్ప్ అనే పత్రికా రచయిత న్యూయార్కు నగరసభ వారి ముందు యంత్రం పెట్టించి, గుండు ఏ దారిన పోతుందో ముందే చెప్పి, కడ్డీ లాగి సరిగ్గా ఆ దారిన పంపించాడు. ఇది అదృష్టం కాదు, నేర్పు అని పెద్దలు ఒప్పుకున్నారు.

యజమాని నన్ను ఆడమన్నాడు. కడ్డీ లాగుతుంటే నా చెయ్యి వణికిన మాట నిజం. పది గుండ్లు వదిలాను. ఒక్కటీ పెద్ద గుంటలో పడలేదు. ఎలా పడుతుంది? మేకులు కొట్టిన తీరే అంత. పదకొండేళ్ళప్పుడు నాకు ఆ సంగతి తెలియలేదు, నా చెయ్యి మంచిది కాదనుకున్నాను.

తర్వాత మనవడు నన్ను రెక్కలున్న ఒక పాత యంత్రం దగ్గరకు లాక్కుపోయాడు. అంకెల చక్రాలు టకటకమని తిరుగుతాయి, నిజం గంటలు మోగుతాయి. ఎడమ బొత్తాం వాడిది, కుడి బొత్తాం నాది. ఒకసారి గుండు జారిపోతుంటే ఆత్రంగా పెట్టెను ఒక్క తోపు తోశాను. దీపాలు ఆరి 'టిల్ట్' అని వచ్చింది. లోపల ఒక చిన్న లోలకం వేలాడుతూ ఉంటుందట, ఎక్కువ ఊపితే పక్కనున్న రింగుకు తగిలి ఆట ఆపేస్తుందట. "తాతా, చీటింగ్!" అని వాడు పడీ పడీ నవ్వాడు. సాయంత్రం అయిదుదాకా మేం అక్కడినుంచి కదల్లేదు.

ఆ రాత్రి తొమ్మిది దాటాక రాజురాకు ఫోను చేశాను. అక్కడ తెల్లవారింది, అన్న చాయ తాగుతున్నాడు. "అన్నా, ఆనాడు చాందా జాతరల పైసలు జారిపోలే. గోళీల ఆటల పెట్టి పోగొట్టిన" అన్నాను. కాసేపు మాట లేదు. లైను తెగిందనుకున్నాను.

"నాకు ఎరికే రా. నీ యెనుకనే నిలబడి చూసిన" అన్నాడు.

"మరి ఆపలేదేంది?"

"ఎట్ల ఆపుత? నా దగ్గరున్న పన్నెండణాలు నీకంటె ముందే అదే బల్లమీద పోయినయ్. గడియారం నీకన్నా తగులుతదేమోనని చూసిన."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఫోను పెట్టేశాక మాత్రం నాకు వెంటనే నిద్ర పట్టలేదు. వాడు తిన్న దెబ్బలు పన్నెండణాలకా, నా రెండు రూపాయలకా అని అడగాలనుకుని అడగలేకపోయాను.

మర్నాడు ఆదివారం. మా అబ్బాయి గరాజులో ఒక పలక, డబ్బాడు మేకులు దొరికాయి. మనవడూ నేనూ కూర్చుని మేకుల బల్ల తయారుచేశాం. పెద్ద గుంట ముందర రెండు మేకులు తక్కువ కొట్టాను. అడుగున ఐస్‌క్రీము పుల్లలతో రెండు రెక్కలు పెట్టాలని వాడు పట్టుబట్టాడు, పెట్టాం. డబ్బు పెట్టి ఆడకూడదని మా కోడలు షరతు. గోళీలు మాత్రం నచ్చినవి దొరకలేదు. రాజురా నుంచి ఎవరైనా వస్తుంటే ఓ డజను పంపమని అన్నకు చెప్పాను.