కుర్చీ వేసి కూర్చోబెడితే...

మా నాయుడుపేటలో ఏ సమస్య వచ్చినా నలుగురు పెద్దమనుషులు అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. గుమ్మం బయట ఉన్నంతసేపూ గొంతు గట్టిగానే ఉంటుంది. లోపల కుర్చీలు వేయించి, టీ తెప్పించి, ‘మీలాంటివాళ్లే అర్థం చేసుకోకపోతే ఎలా?’ అనగానే సగం మెత్తబడతారు. డబ్బుకు ఆశపడి కాదు. ఆ కుర్చీ రేపు కూడా దొరకాలని, అంతే.

ఈ జబ్బు మన ఊళ్లకే పరిమితం కాదు. కంప్యూటర్లు, ఫోన్లు వాడేవాళ్ల హక్కులు కాపాడటానికి 1990లో అమెరికాలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పుట్టింది. నాలుగేళ్లకే దానికీ పరీక్ష ఎదురైంది. పోలీసులు కోర్టు అనుమతితో మాటలు వినేందుకు ఫోన్ కంపెనీలు తమ నెట్‌వర్క్‌లోనే ఏర్పాటు ఉంచాలని ఎఫ్‌బీఐ పట్టుబట్టింది. సంస్థ తరఫున జెర్రీ బెర్మన్ వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యులతో చర్చలకు కూర్చున్నారు. చట్టం ఎలాగూ ఆగదు, నష్టమైనా తగ్గిద్దామన్నది ఆయన వాదన. ఇంటర్నెట్‌ను దాని పరిధిలోంచి తప్పించగలిగారు కూడా. 1994 అక్టోబరులో క్లింటన్ సంతకం చేశారు.

ఆపాల్సినవాళ్లే దగ్గరుండి రాయించారని అభిమానులు మండిపడ్డారు. బెర్మన్ బయటికెళ్లి వేరే సంస్థ పెట్టుకున్నారు. మిగిలినవాళ్లు 1995లో వాషింగ్టన్ వదిలి శాన్‌ఫ్రాన్సిస్కోకు మకాం మార్చారు.

పోనీ, బేరంలో దక్కిన ఆ రాయితీ అయినా నిలిచిందా? 2005లో అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ అదే నిబంధనను బ్రాడ్‌బ్యాండ్‌కూ వర్తింపజేసింది. 2024లో మరో సంగతి బయటపడింది. చైనాకు చెందిన హ్యాకర్లు అమెరికా టెలికాం కంపెనీల్లో చొరబడి, పోలీసుల కోసం ఉంచిన ఆ ఏర్పాట్లదాకా వెళ్లారట! దొరకోసం తీసిన దిడ్డి తలుపు దొంగకూ పనికొచ్చింది. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మా వీధిలోనూ ఉన్నాయి. అందుకే ఇది ఎక్కడో పరాయి దేశం గొడవ అని వదిలేయలేకపోతున్నాను.

మన దగ్గర జరిగిందీ గుర్తు చేసుకోవాలి. కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే పథకాన్ని 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ మొదలుపెట్టాయి. తొలి విడతలోనే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. దానికి మద్దతుగా ఫేస్‌బుక్ తన ఖాతాదారుల చేత ట్రాయ్‌కి లక్షలాది మూస ఉత్తరాలు పంపించింది. ఎదురు నిలిచినవాళ్లలో చాలామంది సొంత పనులు చూసుకుంటూనే తీరిక చేసుకుని వచ్చిన వాలంటీర్లు. చివరికి 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి పథకాలను నిషేధించింది. ఆ వాలంటీర్లకు కాపాడుకోవాల్సిన కుర్చీ ఏదీ లేదు!

అలాగని చర్చలకే వెళ్లొద్దనలేం. వెళ్లకపోతే మన మాట చెప్పేదెవరు? కానీ మన పేరు చెప్పి లోపలికి వెళ్లినవాళ్లు ఎవరి డబ్బుతో వెళ్లారో, ఏం అడిగారో, ఏం వదులుకున్నారో బయటికొచ్చి చెప్పాలి. చెప్పకపోతే అడగాల్సింది మనమే.