వరస కట్టిన గడ్డలకు పేరు పెట్టే ముందు

వేలి మీద మానని చిన్న పుండు. అక్కడి నుంచి మణికట్టు, ముంజేయి, మోచేయి మీదుగా ఒకే దారిలో పైకి నాలుగైదు గడ్డలు. నొప్పి పెద్దగా ఉండదు, జ్వరమూ ఉండదు. యాంటీబయాటిక్ కోర్సులు ఒకటి రెండు అప్పటికే అయిపోయి ఉంటాయి. ఇలాంటి చేతిని చూడగానే చర్మవైద్యుల నోటికి ముందుగా వచ్చే పేరు స్పోరోట్రైకోసిస్. 1898లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో బెంజమిన్ షెంక్ వర్ణించిన ఫంగస్ జబ్బు అది. కానీ ఆ వరసను గీసింది లింఫు నాళం, క్రిమి కాదు. బస్సు రూటు చూసి లోపల కూర్చున్నదెవరో చెప్పలేనట్టే, గడ్డల వరసను బట్టి క్రిమి నడిచిన దారి తెలుస్తుంది గాని ఆ క్రిమి ఏదో తెలియదు. అందుకే మందు రాసేముందు బయాప్సీకి ముక్క తీయాలనీ, దాన్ని ల్యాబుకు సరైన ప్రశ్నతో పంపాలనీ నేను పట్టుబడతాను.

ముందుగా పక్కన పెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. గాయమైన ఒకటి రెండు రోజుల్లోనే ఎర్రటి చార పైకి పాకి, చలిజ్వరం వచ్చి, చంకలోనో గజ్జలోనో బిళ్ళ కడితే అది సాధారణంగా స్ట్రెప్టోకాకస్ పని. అక్కడ కల్చర్ కోసం కూర్చోకూడదు, పెన్సిలిన్ జాతి మందు వెంటనే పడాలి. బోదకాలు ఉన్న గోదావరి జిల్లాల్లో ఇంకో తీరు కనబడుతుంది: పురుగు చచ్చినచోట నాళం వాచి, తాడులా గట్టిపడి, వాపు గజ్జ నుంచి కిందికి దిగుతుంది. ఇక కుష్ఠులో నరం మీద లేచే గడ్డలు మరీ మోసం చేస్తాయి. మోచేతి లోపలి పక్క లావెక్కిన నరం వేళ్ళకు తగిలినా, చిటికెన వేలి మీద దూది స్పర్శ తెలియకపోయినా లింఫు నాళాల మాట వదిలేయాలి. దీనికి యంత్రాలేమీ అక్కర్లేదు, రెండు నిమిషాల ఓపిక చాలు.

మిగిలేవి నిదానంగా నడిచే జబ్బులు. వాటి దగ్గర సగం పని ప్రశ్నలే చేస్తాయి. ముల్లో, పుల్లో, గడ్డిపరకో గుచ్చుకుందంటే స్పోరోట్రైకోసిస్ తెచ్చే స్పోరోథ్రిక్స్ ఫంగస్ గుర్తుకు రావాలి. మట్టిలో పనిచేసే మనిషికి పుండు త్వరగా లేచి, నొప్పీ చీమూ ఎక్కువగా ఉంటే నొకార్డియాను తలచుకోవాలి. రొయ్య ముల్లు, చేప రెక్క గుచ్చుకున్నవాళ్ళకూ, ఇంట్లో అక్వేరియం కడిగేవాళ్ళకూ మైకోబాక్టీరియం మెరైనమ్ రావచ్చు. భీమవరం చుట్టూ చెరువుల్లో దిగేవాళ్ళను ఈ ప్రశ్న అడగకపోతే ఎలా? సౌదీ నుంచి సెలవు మీద కరీంనగర్‌కో కడపకో వచ్చిన కూలీ చేతి మీద పుండు ఉంటే లీష్మేనియా జాబితాలో పైకి ఎక్కుతుంది. దానికి పుండు అంచు నుంచి తీసిన స్మియర్‌లోనే జవాబు దొరికే అవకాశం ఉంది. అయితే వృత్తి అనుమానాన్ని ఇస్తుంది, రుజువును ఇవ్వదు. చెరువులో దిగే మనిషికి గట్టు మీద తుమ్మముల్లు గుచ్చుకోకుండా ఉంటుందా?

రుజువు చాలాసార్లు పోయేది ల్యాబులో కాదు, ముక్క తీసిన గదిలో. బయాప్సీ అనగానే నర్సు చేతికి ఫార్మలిన్ సీసా వస్తుంది, ముక్క మొత్తం అందులో పడుతుంది. ఫార్మలిన్‌లో క్రిమి చస్తుంది, ఇక కల్చర్ అన్న మాటే లేదు. తర్వాత వచ్చే పాథాలజీ రిపోర్టులో ‘గ్రాన్యులోమా’ అని ఉంటుంది. పైన చెప్పిన నిదానపు జబ్బులన్నీ గ్రాన్యులోమానే కట్టగలవు కాబట్టి మనం మొదలుపెట్టిన చోటే ఉంటాం. ముక్కను రెండు చేసి, ఒకటి ఫార్మలిన్‌లో, రెండోది స్టెరైల్ సెలైన్‌లో వేయాలి. చీటీ మీద ‘పస్ కల్చర్’ అని రాస్తే సరిపోదు. మామూలు బాక్టీరియా కల్చర్ ప్లేటును రెండు మూడు రోజులు చూసి పారేస్తారు, నొకార్డియాకు రెండు మూడు వారాలు కూడా పట్టవచ్చు. మెరైనమ్ 30 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది, టీబీ కల్చర్లు ఉంచే 37 డిగ్రీల దగ్గర మొండికేస్తుంది. ఆ ఉష్ణోగ్రత చీటీ మీద రాయకపోతే ‘పెరుగుదల లేదు’ అన్న జవాబు వస్తుంది, దాన్ని మనం నిజమని నమ్ముతాం. స్పోరోథ్రిక్స్‌ను 25 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు ఉంచమనాలి.

ఇంత తతంగం ఎందుకు, ఫంగస్ మందు ఇట్రాకొనజోల్ రాసి చూస్తే తేలిపోదా అనేవారున్నారు. తేలదు. సౌదీ నుంచి వచ్చే లీష్మేనియా మేజర్ పుండ్లు చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే మానతాయి, ఆ సమయానికి ఏ మందు నడుస్తుంటే పేరు దానికి దక్కుతుంది. స్పోరోట్రైకోసిస్‌కు వందేళ్ళ పైబడి వాడుతున్న పొటాషియం అయొడైడ్, ఏ ఫంగసూ లేని ఎరిథీమా నోడోసమ్‌లోనూ వాపు తగ్గిస్తుంది. మెరైనమ్‌ను టీబీ అనుకుని నాలుగు మందులు మొదలుపెడితే రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్ దాని మీద పనిచేస్తాయి, పైరాజినమైడ్ పనిచేయదు. గడ్డలు తగ్గుతాయి, మనిషికి టీబీ ముద్ర మాత్రం ఉండిపోతుంది. మాంటూ పరీక్ష కూడా ఆ తప్పుకే వంతపాడుతుంది, ఎందుకంటే మెరైనమ్‌లోనూ అది పాజిటివ్ రావచ్చు. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో 1940ల తొలి ఏళ్ళలో దాదాపు 3,000 మందికి స్పోరోట్రైకోసిస్ వచ్చినప్పుడు చూపుతో గుర్తుపట్టడం సబబే. గని కర్రల మీద ఫంగస్ ఉందని తేలాక అక్కడ ప్రశ్న మిగల్లేదు. ఈ జబ్బు తరచూ కనబడే హిమాచల్‌లోని కాంగ్రా లోయలో కూడా ఆ ధీమాకు కొంత ఆధారం ఉంది. మన జిల్లాల్లో ఆ స్థాయిలో ఈ జబ్బు లేదు, కాబట్టి అక్కడి ధీమాను ఇక్కడికి తెచ్చుకోలేం.

ఖర్చు సంగతి మాత్రం గట్టి ఆక్షేపణే. రోజు కూలీ పోగొట్టుకుని వచ్చిన మనిషిని ఆరు వారాల కల్చర్ కోసం తిప్పడం అన్యాయం. కానీ తిప్పాల్సిన పని లేదు. ముక్క తీసిన రోజునే, ప్రశ్నల వల్ల బలపడిన అనుమానానికి తగిన మందు ఒకటి రాసి పంపవచ్చు. కల్చర్ దాని దారిన అది నడుస్తుంది. పనికిరాని మందు మూడు నెలలు కొనడం కన్నా రెండో సీసా ఖరీదు తక్కువే. కల్చర్‌లో ఏదీ పెరగకపోవడమూ జరుగుతుంది. అప్పుడు మందుతో పరీక్షించి చూడటం తప్పు కాదు, కాని ఒకసారి ఒక్క మందే ఇవ్వాలి. ఇట్రాకొనజోల్, డాక్సీసైక్లిన్, కోట్రైమాక్సజోల్ మూడూ ఒకే చీటీ మీద రాసి పంపితే, గడ్డలు తగ్గినా ఏ మందు ఎన్నాళ్ళు కొనసాగించాలో చెప్పగల ఆధారం ఎవరి దగ్గరా ఉండదు.