కడుపునొప్పి అనే మాట వెనక

జిల్లా ఎడిషన్లలో సింగిల్ కాలమ్ వార్తలు చదివే అలవాటున్నవాళ్ళకి ఆత్మహత్యల గురించి మన పత్రికలు వాడే మాటలు కంఠతా వచ్చి ఉంటాయి. కడుపునొప్పి తాళలేక, మనస్తాపం చెంది, జీవితంపై విరక్తితో, క్షణికావేశంలో. పేరు, ఊరు, వయసు మారతాయి తప్ప ఈ మాటలు మారవు. సాహిత్యంలో పిహెచ్‌డి చేసినదాన్ని. రాసినదాంట్లో ఏముందో కంటే ఏం దాగి ఉందో వెతకడం నాకు వృత్తి, కొంచెం రోగం కూడా.

కడుపునొప్పి అబద్ధమని అనను. నెలనెలా మెలితిప్పే నొప్పిని ఏళ్ళ తరబడి ఎవరికీ చూపించుకోలేని ఆడవాళ్ళు ఎందరో. వదలని నొప్పి మనిషిని డిప్రెషన్‌లోకి దించుతుంది. డిప్రెషన్ కూడా చాలాసార్లు నొప్పిగానే బయటపడుతుంది. మన ఇళ్ళల్లో "నా మనసు బాగోలేదు" అని నోరు తెరిచి చెప్పే ఆడమనిషిని నేను పెద్దగా చూడలేదు. గుండెదడ అంటారు, తలపోటు అంటారు, ఒళ్ళంతా నీరసం అంటారు. ఆరెంపీ డాక్టరు ఒక బలం సూది పొడిచి పంపిస్తాడు.

కానీ ఆ వార్తలోని మాట చనిపోయినావిడది కాదు. పోలీసులకి చెప్పేది ఇంట్లోవాళ్ళు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు భార్య ఆత్మహత్య చేసుకుంటే, భర్తా అతని బంధువులూ ఆమెని హింసించారని తేలితే, వాళ్ళే అందుకు పురికొల్పారని కోర్టు భావించవచ్చని 1983లో సాక్ష్య చట్టంలో చేర్చారు. 2024లో కొత్త చట్టం వచ్చినా ఆ సంగతి అలాగే ఉంది. అలాంటప్పుడు కడుపునొప్పి ఎంత సౌకర్యమైన మాటో ఆలోచించండి. ఎవరినీ వేలెత్తి చూపదు. అత్తింటి పరువూ నిలుస్తుంది, పుట్టింటి పరువూ నిలుస్తుంది.

జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలు 45,026 మంది. అందులో సగానికి పైగా, 23 వేల పైచిలుకు, గృహిణులు. మొత్తం ఆత్మహత్యల కారణాల పట్టికలో మొదటి స్థానం "కుటుంబ సమస్యలు"ది. పత్రికల భాషా ప్రభుత్వ భాషా ఎంత చక్కగా కలిసిపోయాయో!

క్షణికావేశం అనే మాటలో మాత్రం సగం నిజముంది. ప్రాణం తీసుకోవాలన్న ఉధృతి ఎక్కువసేపు ఉండదు. ఆ కాసేపూ ప్రమాదకరమైనవి చేతికందకుండా ఉంటే, పక్కన ఒక మనిషి ఉంటే, చాలామంది బతుకుతారు. శ్రీలంక 1990ల నుంచి బాగా విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటే నిషేధించుకుంటూ వచ్చాక అక్కడ ఆత్మహత్యలు ఎంతో తగ్గాయి. మిగతా సగం నిజం ఏమిటంటే, ఆ క్షణం వెనక నెలలుంటాయి.

ఆ నెలలు నాకు తెలుసు. థీసిస్ మూడో ఏడు, హాస్టల్ గది. దుఃఖం అనుకుంటారు గానీ అది దుఃఖం కాదు, ఏడుపొస్తే బాగుండుననిపించేది. పుస్తకంలో ఒకే పేజీ వారం రోజులు తెరిచి ఉండేది. తల దువ్వుకోవడం కొండెక్కినంత పని. అన్నం మట్టిలా ఉండేది. తెల్లవారుజామున మూడింటికి మెలకువొచ్చేది. నేను లేకపోతే అమ్మావాళ్ళకి ఒక భారం తగ్గుతుందన్నది ఆలోచనలా కాదు, లెక్కకి వచ్చిన జవాబులా కనిపించేది. ఆ లెక్క తప్పని, ఆ జబ్బే అలా లెక్కలు కట్టిస్తుందని తర్వాత తెలిసింది. ఏం తక్కువైంది నీకు అన్నారు. ధ్యానం చెయ్యమన్నారు. పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయన్నారు (ఇది అన్ని జబ్బులకీ మనవాళ్ళ మందు కదా).

నా రూమ్మేట్‌ది శ్రీకాకుళం వైపు. ఒక రాత్రి దండెం మీది బట్టలు మడతపెడుతూ, "సచ్చిపోవాలనిపిస్తందేటే నీకు?" అని అడిగింది. వంట ఏమిటని అడిగినట్టు అడిగింది. అవునన్నాను. కంగారుపడలేదు, నీతులు చెప్పలేదు, ఒట్టు వేయించుకోలేదు. ఆ రాత్రి నా మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది. పొద్దున్నే సర్కారు దవాఖానాలో మానసిక వైద్యుల ఓపీ చీటీ కోసం నాకంటే ముందు లైన్లో నిలబడింది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. పుట్టదు. ఉన్నది బయటికొస్తుంది. పరిశోధనలూ ఈ మాటే చెప్తున్నాయి.

విరక్తి అనే మాట మీద నాకు వేరే కోపముంది. జబ్బుకి వేదాంతపు గౌరవం కట్టబెడుతుంది. సాహిత్యం వాళ్ళమూ తక్కువ తినలేదు. ఎమ్మే క్లాసుల్లో వర్జీనియా వుల్ఫ్ మరణాన్నీ సిల్వియా ప్లాత్ మరణాన్నీ వాళ్ళ రచనలకి చివరి వాక్యాల్లా చదువుకున్నాం. వుల్ఫ్ చిన్న వయసు నుంచీ ఎన్నోసార్లు జబ్బుపడి, కోలుకుని, కోలుకున్నప్పుడల్లా రాసిందన్నది ఎవరూ నొక్కి చెప్పలేదు.

మాత్రలిచ్చి ఆడదాన్ని సర్దుకుపొమ్మనడమే కదా ఈ వైద్యం అని స్త్రీవాద మిత్రులు అడుగుతారు. ఆ అనుమానానికి చరిత్ర ఉంది. బాలింతకి విశ్రాంతి చికిత్స పేరుతో చదువూ రాతా మాన్పించిన డాక్టర్ల మీద షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లోనే "ది యెల్లో వాల్‌పేపర్" కథ రాసింది. అయినా నా అనుభవం వేరు. మాత్ర పనిచేయడానికి మూడు వారాలు పట్టింది. అది నన్ను సర్దుకుపోయేలా చెయ్యలేదు. కోపం తెచ్చుకునే ఓపిక ఇచ్చింది. తాగి కొట్టే భర్తకి మందు మాత్రల్లో లేదు, నిజమే. కానీ కేసు పెట్టాలన్నా, ఇల్లు వదిలి రావాలన్నా ముందు మంచం మీంచి లేవగలగాలి.

చట్టం కొంత మారింది. ఆత్మహత్యా ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షకి బదులు వైద్యం అందించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. శిక్షాస్మృతిలోని 309 సెక్షన్ 2024 జులైలో కొత్త న్యాయ సంహితతో పోయింది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కి, 14416కి, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఇవేవీ మా పిన్నికి తెలియవు. ఏడాదిగా ఆవిడకి "గ్యాస్", "బీపీ", "కాళ్ళు లాగడం".

మా రూమ్మేట్ అడిగినట్టే నేనూ అడిగాను. చాలాసేపు చింతపండు గింజలు తీస్తూ కూచుని, "ఎన్నాళ్ళకి అడిగావే" అంది. ఇప్పుడు నెలకోసారి తీసుకెళ్తున్నాను. బాబాయితో థైరాయిడ్ డాక్టరని చెప్పాం. మాత్రలు పోపులడబ్బా వెనక ఉంటాయి. మొన్న ఫోన్ చేసి, ఉసిరికాయ పచ్చట్లో ఉప్పెక్కువైందని తిట్టుకుంది. ఏడాదిగా ఆవిడ ఉప్పు గురించి ఏమీ అనలేదు.