నవాసాగరం

మా ఊరు అనంతసాగరం. పెద్ద చెరువును ఆశ్రయించుకొని ఉన్న గ్రామం. అందుచేత చిన్నతనంలో 'నవాసాగరం' అనే మాట వినగానే అది మరొక చెరువు కాబోలుననుకొన్నాను. తీరా చూస్తే అది మా తాతగారి సంచిలోని తెల్లని పొడి. ఆయన ఊరూరా తిరిగి రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి పూసేవారు. ఆ పొడిని బజారులో నవాసాగరమనీ, మా ఇంట్లో నౌసాదర్ అనీ పిలిచేవారు.

ఉన్నత పాఠశాలలో దానికే మూడవ పేరు ఎదురైంది: అమ్మోనియం క్లోరైడ్. ఆ పేరు కంఠస్థం చేసి తాతగారికి గర్వంగా వినిపించాను. "సరే బేటా, అందులో ఏమేమి ఉన్నాయి?" అని అడిగారు. జవాబు తోచలేదు. ఆ వారపు పరీక్షలో ఒక నత్రజని, మూడు ఉదజనులు, ఒక క్లోరిన్ అని ఫార్ములా వ్రాసి సున్న తెచ్చుకొన్నాను. మా ఇంటికి అన్నం పెట్టిన పదార్థాన్నే తప్పుగా వ్రాశానన్న సిగ్గు నన్ను చాలా బాధించింది.

మాస్టారు మందలించలేదు. ఆ పదార్థంలో నూటికి నత్రజని 26.2, ఉదజని 7.5, క్లోరిన్ 66.3 వంతుల బరువు ఉంటుందని బల్లపై వ్రాసి, వాటిని వరుసగా పరమాణు భారాలైన 14, 1, 35.5లతో భాగించమన్నారు. 1.87, 7.5, 1.87 వచ్చాయి. చిన్నదైన 1.87తో మరల భాగిస్తే 1, 4, 1 నిలిచాయి. అమ్మోనియాలో ఉదజనులు మూడు, అమ్మోనియంలో నాలుగు. పేరు తుదిని మారిన ఒక్క అక్షరం వెనుక ఒక పరమాణువు ఉన్నదని అప్పుడు గ్రహించాను. అమ్మోనియం సంయోజకత ఒకటి, క్లోరైడుది ఒకటి. కనుక ఒకదానికొకటి సరి. పొలాలకు వేసే అమ్మోనియం సల్ఫేటులో సల్ఫేటు సంయోజకత రెండు. కనుక అక్కడ అమ్మోనియములు రెండు కావలె.

ఆ సాయంత్రం తాతగారికి చెప్పాను: వేడికి నౌసాదర్ అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడుగా విడిపోతుంది, రెండవది రాగిపై చిలుమును తొలగిస్తుంది, శుభ్రమైన రాగికి తగరం అంటుకొంటుంది, విడిపోయిన రెండూ చల్లగాలిలో మరల కలిసి తెల్లని పొగ అవుతాయి. ఆయన శ్రద్ధగా విన్నారు. మరునాడు కొలిమి దగ్గర మొదటిసారిగా ఆ పొడిని నా చేతికిచ్చి చల్లమన్నారు.

పదార్థం పేరు వినగానే దాని కూర్పు తెలియవలెనని 1787లో లవోజియే, ఆయన సహచరులు ఫ్రాన్సులో ఒక పద్ధతి ఏర్పరచారు. మిత్రులారా, మనలో కొందరికది నౌసాదర్, కొందరికి నవాసాగరం. ఫార్ములా మాత్రం అందరికీ ఒక్కటే. దానిని వల్లెవేయకండి, లెక్కకట్టి తెలుసుకోండి.