అవ్వ మోసిన తట్ట

పోయిన ఆదివారం మా మేనకోడలిని తోలుకొని నాగార్జునసాగర్ పోయిన. డ్యాం చూడంగనే అడిగింది: "మామా, దీన్ని ఎవరు కట్టిన్రు?"

బడి పుస్తకంల జవాబుంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిండు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. ఆ రెండు తారీకుల నడుమ ఉన్న ఏండ్లు మా అవ్వసోంటోళ్ళయి.

అవ్వది పాలమూరు. మాదిగవాడల ఇల్లు. కరువుకు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, తాతతోని ఈడికొచ్చి గుడిసె ఏసుకుంది. "రాళ్ళు మొగోళ్ళు మోసిన్రు బిడ్డా, గచ్చు మేం మోసినం" అనేది. నడినెత్తిన ఎంటికలు మళ్ళా మొలవలే.

భాక్రా డ్యాం కాంక్రీటుది. సాగర్ రాతికట్టడం. పునాది నుంచి 124 మీటర్ల ఎత్తు, దగ్గరదగ్గర కిలోమీటరున్నర పొడుగు. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్ళకు ఎరుకే, ఇది గ్రావిటీ డ్యాం. కృష్ణ ఎంత నెట్టినా తన బరువుతోనే ఆగుతది. ఆ బరువుల అవ్వ తట్ట కూడా ఉంది.

నీళ్ళు నిండక ముందు లోయల తవ్వి, బౌద్ధ కట్టడాలు కొన్నింటిని విప్పి, కొండ మీద మళ్ళా నిలబెట్టిన్రు. మంచి పని. బుద్ధుడు మనోడే. కానీ రాళ్ళను అంత పైలంగ దాచినోళ్ళు, రాళ్ళు మోసినోళ్ళ పేర్లు దాయలే.

నీళ్ళన్న మనకొచ్చినయా? కాలువలు పల్లానికి పారినయి. దేవరకొండ, మునుగోడు మిట్టమీదున్నయి. గోడ పక్కనున్న జిల్లాల ఫ్లోరైడ్ బోరునీళ్ళు తాగి పిల్లల కాళ్ళు వంకర పోయినయి. పుట్టంగండి కాడ మోటర్లు పెట్టి నీళ్ళు ఎత్తిపోసేదాంక ఎన్ని ఏండ్లు ఆగిన్రో లెక్కేసుకోండ్రి.

మేనకోడలు ఇంకోటడిగింది: "అవ్వకు రోజుకు కూలెంత ఇచ్చిన్రు?"

నా నోట మాట రాలే. ఇన్ని సభలల్ల కూలి గురించి మాట్లాడిన. అవ్వ బతికుండంగ ఒక్కనాడు ఆమెను అడగలే. ఇప్పుడు అడుగుదామంటే అవ్వ లేదు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీ ఇంట్ల తట్ట మోసిన ముసలోళ్ళుంటే ఈ సెలవుల్ల పక్కన కూసొని అడుగుండ్రి. ఏ డ్యాం, ఏ ఏడు, కూలెంత, మేస్త్రీ ఎంత పట్టుకున్నడు, పక్కన పడి సచ్చిపోయినోళ్ళు ఎవరు. ఫోన్ల రికార్డు చేయుండ్రి. శిలాఫలకం మీద లేని పేర్లను మనమే రాసుకోవాలె.

జై భీమ్.