తొలి మెట్టు

బ్లాక్ బెల్టు లభించగానే కరాటే విద్య పూర్తయినట్లు చాలామంది భావిస్తారు. నిజానికి ఆ బెల్టులో తొలి శ్రేణి పేరు ‘షోడాన్’. జపాను భాషలో ఆ మాటకు మొదటి మెట్టు అని అర్థం. నేను మూడవ డాన్ పొంది పదేళ్లు దాటినా, నా సాధనకు విరామం లేదు.

ప్రతిదినం వేకువన ఐదు గంటలకు డాబా మీదికి చేరుతాను. పావుగంటసేపు కీళ్లను, కండరాలను సడలిస్తాను. పిమ్మట 100 పంచ్‌లు, 50 కిక్‌లు. చివర ‘కటా’, అంటే ఎదుట ప్రత్యర్థి ఉన్నట్లు ఊహించుకొని, వరుస తప్పకుండా చేసే విన్యాసం.

రెండేళ్ల కిందట నా మోకాలి కీలు అరిగింది. ఎగిరి తన్నే విన్యాసాలు మానుకోవాలని వైద్యులు చెప్పారు. ముప్పై ఏళ్ల సాధన ముగిసిపోయిందని మనసు కుంగింది. ఆనాడు నన్ను ఆదుకొన్నది ‘హియాన్ షోడాన్’. ఒకినావా బడిపిల్లల కోసం అంకో ఇతోసు కూర్చిన కటాలలో అది ఒకటి. అందులో 21 కదలికలున్నాయి. ఎగరవలసిన పని లేదు. దానిని నెమ్మదిగా చేస్తూ ఉంటే, ఇన్నాళ్లూ వేగం మరుగుపరచిన సత్యం బోధపడింది. పంచ్‌కు బలం నేలను అదిమిన పాదం నుండి, తిరిగే నడుము నుండి వస్తుంది. భుజం దానిని అందజేస్తుంది, అంతే.

వయసుతో దేహం కొన్నింటిని వదులుకోక తప్పదు. మళ్లీ ఓనమాలు దిద్దడానికి సిద్ధపడినవానికి మాత్రం విద్య ఏనాడూ దూరం కాదు.